కూడలిలో రాజుగారి విగ్రహం: దాని చరిత్ర రాబట్టే పద్ధతి

పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు ఏ ఊళ్లో చూసినా కూడలిలో ఒక రాజుగారి విగ్రహం ఉంటుంది. దాని గురించి రాయమంటే ఎక్కువమంది రాజుగారి జీవిత చరిత్ర రాసేస్తారు. పుట్టుక, పట్టాభిషేకం, కట్టించిన బడులు, చేసిన దానాలు. అది రాజు చరిత్రే గాని విగ్రహం చరిత్ర కాదు. విగ్రహాన్ని ఎవరు పెట్టాలనుకున్నారు, డబ్బు ఎవరిచ్చారు, ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారు, ఎవరు పోత పోశారు, ఎన్నిసార్లు కదిపారు, శిలాఫలకం మీద పేర్లు ఎప్పుడు మారాయి అనేవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబులు రాజవంశ గ్రంథాల్లో దొరకవు. దిమ్మె మీద, మున్సిపాలిటీ బీరువాలో, పాత పత్రికల్లో, ఊరి పెద్దల నోట్లో దొరుకుతాయి. ఆ వరుసలోనే వెతకాలి. ముందు పెద్దల్ని అడిగి తరవాత రాయి చదివితే, విన్నదే రాతిలోనూ కనపడుతుంది.

ముందు రాజు ఎవరో తేల్చుకోండి

చెప్పినంత సులువు కాదిది. మన వైపు రాజవంశాల్లో అవే పేర్లు తరం విడిచి తరం మళ్లీ వస్తాయి. పర్లాకిమిడి గజపతుల్లో జగన్నాథ నారాయణ దేవులు ఒకరికంటే ఎక్కువమంది. జయపురంలో రామచంద్ర దేవ్, విక్రమ దేవ్ పేర్లు మార్చి మార్చి వస్తాయి. 1931లో గద్దెనెక్కి 1951లో కన్నుమూసిన కవిరాజు విక్రమదేవ వర్మ ఒకరు, ఆయనకు ముందు అదే పేరుతో ఏలిన రాజులు వేరు. ఫలకం మీద పేరుతో పాటు బిరుదు, తండ్రి పేరు, జనన మరణ సంవత్సరాలు ఏమున్నా సరే విడివిడిగా రాసుకోండి.

పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ (1892–1974) విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆయన్ని ‘ఒడిశా మొదటి ప్రధాన మంత్రి’ అని రాసిన చోట ‘ముఖ్యమంత్రి అని ఉండాలి, తప్పు చెక్కారు’ అని దిద్దేస్తారు. అక్కడ తప్పేమీ లేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడ్డ రాష్ట్ర ప్రభుత్వాల పెద్దను అప్పట్లో ప్రధాన మంత్రి అనే పిలిచేవారు. ఆయన ఆ పదవిలో 1937లో కొద్ది నెలలు, మళ్లీ 1941 నుంచి 1944 దాకా ఉన్నారు. ఫలకం మీద ఏ మాట ఉందో ఆ మాటే ఎత్తి రాయండి, వివరణ పక్కన ఇవ్వండి.

శిలాఫలకం చదవడం

ఉదయం ఎనిమిదిలోపు గాని, సాయంత్రం నాలుగున్నర తరవాత గాని వెళ్లండి. ఎండ పక్కవాటుగా పడితేనే అరిగిన అక్షరాల గాట్లలో నీడ నిలుస్తుంది. ఎండ నేరుగా ఎదురుగా పడితే అదే ఫలకం బోసిగా కనపడుతుంది. ఫలకం ఉత్తరం వైపు తిరిగి ఉంటే ఎండ సరిగా పడదు. అలాంటప్పుడు చీకటి పడ్డాక టార్చి లైటును రాతికి దాదాపు ఆనించి, ఒక పక్కనుంచి వేసి ఫోటో తియ్యండి. ఎడమ, కుడి, పై, కింద నాలుగు వైపులనుంచీ వెలుగు వేసి నాలుగు ఫోటోలు తీస్తే ఒకదానిలో కనపడని గీత ఇంకొకదానిలో తేలుతుంది.

అక్షరాల్లో సుద్ద, పసుపు, సున్నం నింపకండి. పాలరాయి వాటిని పీల్చుకుంటుంది, మరక పోదు. ఇత్తడి, కంచు ఫలకాలను చింతపండుతో తోమడం ఇంకా హాని. పులుపు లోహాన్ని తింటుంది, పోత మీద సన్నగా చెక్కిన సంతకాలే ముందు అరుగుతాయి. నకలు కావాలంటే పల్చటి తెల్ల కాగితం నాలుగు మూలలా కాగితపు టేపుతో అంటించి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. చెక్కిన అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. రంగు వేసిన అక్షరాలకు ఈ పద్ధతి పనికిరాదు, రంగు ఊడుతుంది.

దిమ్మె చుట్టూ తిరగండి. ముందు వైపు ఒడియాలో, పక్కన ఇంగ్లీషులో, వెనక తెలుగులో ఉండవచ్చు, లేదా ఒకే భాషలో ఉండవచ్చు. మూడింటిలోనూ ఒకే సమాచారం ఉందనుకోవద్దు. ఒకదానిలో దాతల పేర్లుంటాయి, ఇంకొకదానిలో ఆవిష్కరించిన మంత్రి పేరు మాత్రమే ఉంటుంది. ఒడియా అంకెల్ని ఒడియా చదవను వచ్చినవారితోనే చదివించండి. ఇంగ్లీషు అంకెలని భ్రమపడి చదివితే ఏకంగా దశాబ్దాలే తారుమారవుతాయి.

ఇంకొకటి చూడాలి: ఫలకం నాలుగు మూలల్లోని మేకులకు పక్కన ఖాళీ రంధ్రాలు గాని, సిమెంటుతో పూడ్చిన గుంటలు గాని ఉన్నాయా? ఉంటే ఇది రెండో ఫలకం. మొదటిది పెద్దదో చిన్నదో ఆ గుంటల మధ్య దూరం కొలిస్తే తెలుస్తుంది. ఒక పేరు ఉన్న చోట రాయి లోతుగా, గరుకుగా ఉంటే అక్కడ చెరిపి మళ్లీ చెక్కారని అర్థం. దాన్ని అలాగే నమోదు చెయ్యండి. ఎవరు చెరిపారో కాగితం దొరికేదాకా ఊహించి రాయకండి.

తేదీ లేని ఫలకానికి కాలం కట్టడం

ఊరి చిరునామాయే సగం పని చేసిపెడుతుంది. ‘గంజాం జిల్లా, పర్లాకిమిడి’ అని ఉంటే 1992 అక్టోబరు 2కు ముందుది, ఎందుకంటే గజపతి జిల్లా ఆ రోజే ఏర్పడింది, మహారాజు పేరు మీదే. రాయగడ కూడా అదే రోజున కోరాపుట్ నుంచి విడివడింది. ఇంగ్లీషులో రాష్ట్రం పేరు పాత వర్ణక్రమంలో, అంటే ‘ఒరిస్సా’ అని ఉంటే సాధారణంగా 2011 నవంబరుకు ముందుది. దాత చిరునామాలో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాలేదు. జయపురం వైపు జిల్లా పేరు కోరాపుట్ బదులు విశాఖపట్నం అని, మద్రాసు గవర్నరు పేరు అని కనపడితే 1936 ఏప్రిల్ 1 నాటి ఒడిశా ఏర్పాటుకు ముందు కాలం వైపు చూడాలి. ఇవి హద్దులు మాత్రమే. పాత జిల్లా పేరు అలవాటుగా చెక్కినవీ ఉంటాయి కాబట్టి ఒక్క ఆధారంతో తేల్చకండి, రెండు కలిస్తేనే రాయండి.

సంవత్సరం తెలుగు పేరుతో ఉంటే అరవైకొకసారి అదే పేరు వస్తుందని గుర్తుంచుకోండి. ప్రభవ 1927–28లోనూ, 1987–88లోనూ వచ్చింది. ధాత 1936–37. ఆనంద 1974–75. శక సంవత్సరాన్ని ఇంగ్లీషుకు మార్చాలంటే 78 కలపండి, జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులకైతే 79. జమీందారీ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. మద్రాసు ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన జూలై వస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జూలై 1 నుంచి 1937 జూన్ 30 వరకు.

అందరూ తడబడేది అంకంలో. ఒడిశా రాజుల పాలనా సంవత్సరాల లెక్కను అంకం అంటారు. భాద్రపద శుద్ధ ద్వాదశి, సునియా నాడు అంకం మారుతుంది. ఇందులో 1 లెక్కలోకి రాదు. 6తో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు. సున్నతో ముగిసేవాటిలో 10 తప్ప మిగతావీ వదిలేస్తారు. కాబట్టి రెండో అంకం అంటే పాలన మొదటి ఏడు. 25వ అంకం అంటే ఇరవై ఐదో ఏడు కాదు. 1, 6, 16, 20 నాలుగూ తీసేస్తే ఇరవై ఒకటో ఏడు. 35వ అంకమైతే 26, 30 కూడా పోయి ఇరవై తొమ్మిదో ఏడు. ఏ రాజు అంకమో తెలియకుండా దాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడం కుదరదు.

విగ్రహం దేనితో చేశారు

చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి చేతికందే చోట ఆనించండి. కంచుకు అతుక్కోదు. అక్కడక్కడా అతుక్కుంటే లోపల ఇనుప కడ్డీల కట్టు ఉండి ఉండవచ్చు. వేలి కణుపుతో తడితే ఫైబర్ డొల్లగా, తేలిగ్గా మోగుతుంది. బోలు కంచు గంటలాగా కొద్దిగా నిలిచే ధ్వనినిస్తుంది. సిమెంటు అసలు మోగదు. సిమెంటు విగ్రహానికి బంగారు రంగో, కంచు రంగో వేసినవి మన ఊళ్లలో చాలా ఉన్నాయి. దూరం నుంచి తేడా తెలియదు.

సిమెంటు విగ్రహాల్లో చీలమండ, మోచేయి, కత్తి పట్టిన మణికట్టు దగ్గర ముందు పగులుతుంది. అక్కడ పైపూత పలచన. తేమ లోపలి ఇనుప కడ్డీకి చేరితే కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పైనున్న సిమెంటును చీలుస్తుంది. పెచ్చు ఊడిన అంచును భూతద్దంతో చూడండి. పైన బంగారు రంగు, కింద వెండి రంగు, ఇంకా కింద ఎర్ర ప్రైమరు, అడుగున బూడిద సిమెంటు వరసగా కనపడతాయి. ఎన్ని పొరలో లెక్కపెట్టుకోండి. జయంతులకో, మంత్రుల రాకకో రంగులు వేయిస్తారు కాబట్టి మున్సిపాలిటీ ఖర్చుల పద్దులతో ఈ పొరలు సరిపోలతాయి. ఇప్పటికే ఊడిన చోటే చూడండి, కొత్తగా గీకకండి.

కంచు పోత అయితే శిల్పి సంతకం గాని, పోతశాల ముద్ర గాని ఉండే చోట్లు కొన్నే: పాదాల కింది పళ్లెం వెనక అంచు, ఎడమ మడమ వెనక, అంగరఖా అంచు కింది భాగం, సింహాసనం మీద కూర్చున్న విగ్రహమైతే ఆసనం వెనక. పెద్ద కంచు విగ్రహాన్ని ముక్కలుగా పోసి అతుకుతారు. భుజం, నడుము దగ్గర సన్నటి అతుకు గీత కనపడుతుంది. 1928లో పుణేలో వెలిసిన గుర్రపు శివాజీ విగ్రహాన్ని శిల్పి కర్మార్కర్ ముక్కలు లేకుండా ఒకే పోతగా పోయించాడు. ఆ రోజుల్లో అది గొప్ప పని. అతుకు లేకపోతే ఆ సంగతి రాయదగినదే.

ముద్ర దొరకకపోతే శిల్పశాలల్ని అడగాలి. తెనాలి, కొత్తపేట వంటి చోట్ల విగ్రహాలు చేసేవారు మట్టి నమూనా ఫోటోలు, ఆర్డరు పుస్తకాలు దాచుకుంటారు. విగ్రహం ముఖం, పాదాల పళ్లెం, పక్కనుంచి మొత్తం ఆకారం, మూడు ఫోటోలూ ఎత్తుతో సహా పంపితే తమదో కాదో చెప్పగలరు. ముఖం కంటే చేతివేళ్లు, నగల పనితనమే వాళ్లకు గుర్తు.

ఎత్తు కొలవడానికి నిచ్చెన ఎక్కనక్కర్లేదు. నిట్టనిలువుగా ఒక మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కొలవండి, వెంటనే విగ్రహం తల నీడ కొన కొలవండి. దిమ్మె గోడ నుంచి కాకుండా తలకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి కొలవాలి. దీన్ని మరిచిపోతే ఎత్తు తగ్గి వస్తుంది. నీడ దిమ్మె ముఖానికి తిన్నగా పడే వేళ చూసుకుని, దిమ్మె వెడల్పులో సగం కలపండి. ఉదాహరణకు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, దిమ్మె నుంచి నీడ కొనకు 3.8 మీటర్లు, దిమ్మె వెడల్పు 1.2 మీటర్లు అనుకుందాం. 3.8కి 0.6 కలిపితే 4.4, దాన్ని 0.8తో భాగిస్తే 5.5 మీటర్లు. దిమ్మె 3 మీటర్లుంటే బొమ్మ 2.5 మీటర్లు, అంటే సుమారు ఎనిమిదడుగుల రెండంగుళాలు, నిలువెత్తుకు ఒకటిన్నర రెట్లు.

గుర్రం రెండు కాళ్లెత్తితే రాజు యుద్ధంలో పోయాడని, ఒక కాలెత్తితే గాయాలతో పోయాడని ఊరూరా చెబుతారు. దాన్ని ఎక్కడా రాయకండి. శివాజీ 1680లో రాయగఢ్‌లో జబ్బు చేసి పోయారు. ఆయన గుర్రం ముందు కాళ్లు గాల్లో ఉన్న విగ్రహాలు మహారాష్ట్ర అంతటా ఉన్నాయి.

కాగితాలు ఎక్కడుంటాయి

మన సరిహద్దు జిల్లాల ఇబ్బందంతా ఇక్కడే. 1936కు ముందు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. అక్కడ ‘రాజుగారి విగ్రహం’ అని అడిగితే ఏమీ రాదు. ఏడాదివారీ సూచికలు తిరగేసి, శాఖ పేరు, జీవో నంబరు, తేదీ మూడూ రాసి ఇస్తేనే కట్ట బయటికొస్తుంది. 1936 తరవాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో. జిల్లా స్థాయి పాత దస్త్రాలకు గజపతి జిల్లావారు 1992కు ముందు వాటికోసం గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం కలెక్టరేటులో, రాయగడవారు కోరాపుట్‌లో అడగాలి.

పర్లాకిమిడి ఎస్టేటు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఊరు ఒడిశాకు వెళ్లినా ఎస్టేటులో పెద్ద భాగం మద్రాసులోనే ఉండిపోయింది. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నం వైపు ఊళ్ల దాతలు చందాలిచ్చి ఉంటే ఆ కాగితాలు విశాఖపట్నం, 1950 ఆగస్టులో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక శ్రీకాకుళం దస్త్రాల్లో ఉంటాయి. దాత ఎక్కడివాడో అక్కడ వెతకడం మంచి అలవాటు. 1887లో మద్రాసు సెనేట్ హౌస్ దగ్గర నిలిపిన విక్టోరియా రాణి విగ్రహానికి డబ్బిచ్చింది విశాఖపట్నం జమీందారు గోడే నారాయణ గజపతిరావు. జయపురం విక్రమదేవ వర్మ పేరు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కళాశాలకుంది, కాబట్టి ఆయన గురించిన కాగితం జయపురంలో దొరక్కపోతే విశాఖలో అడగాలి.

ఊళ్లో విగ్రహానికి అసలు ఆధారం మున్సిపాలిటీ లేదా ఎన్.ఏ.సి. (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) తీర్మానాల పుస్తకం. అడిగితే చూపించరు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం ‘ఎ’, పది రూపాయల ఫీజు, కోర్టు ఫీజు స్టాంపుగానో, ట్రెజరీ చలానాగానో, నగదుగానో. దరఖాస్తు ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాయండి. తెలుగులో రాస్తే తిప్పి పంపే వీలుంది. ‘ఎందుకు పెట్టారు’ అని అడిగితే జవాబు రాదు, ఆ చట్టం ఉన్న కాగితాన్నే ఇప్పిస్తుంది, కారణాలు చెప్పించదు. ఇలా అడగండి:

1. ఫలానా కూడలిలోని ఫలానా విగ్రహం స్థాపనకు స్థలం కేటాయించిన కౌన్సిల్ తీర్మానం నకలు.
2. దిమ్మె నిర్మాణానికి, మరమ్మతుకు, రంగులకు చేసిన ఖర్చు పద్దుల నకళ్లు, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు.
3. విగ్రహాన్ని తరలించి ఉంటే ఆ ఉత్తర్వు, రోడ్డు శాఖతో నడిచిన ఉత్తరాల నకళ్లు.
4. సంబంధిత దస్త్రాన్ని స్వయంగా చూసేందుకు అనుమతి.

నాలుగోది వదలకండి. దస్త్రం ముందుంటే అడగని కాగితం కూడా కంటపడుతుంది. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, వచ్చినా తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తరవాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రోడ్డు వేరే శాఖదైతే దరఖాస్తును అయిదు రోజుల్లో వాళ్లే అటు పంపాలి.

2013 జనవరి 18న రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ తరవాత వచ్చిన విగ్రహమైతే దస్త్రంలో స్థలం గురించి ఉత్తరప్రత్యుత్తరాలు తప్పకుండా ఎక్కువుంటాయి. కొన్ని విగ్రహాలు కూడలి వదిలి పార్కుల్లోకి, ఆఫీసుల ఆవరణల్లోకి ఎందుకొచ్చాయో కూడా అక్కడే తెలుస్తుంది.

ఆవిష్కరణ తేదీ ఉజ్జాయింపుగా తెలిశాక పత్రికల వంతు. బరంపురం నుంచి వెలువడిన ‘ఆశా’, ఒడియాలో ‘సమాజ’, తెలుగులో ‘ఆంధ్రపత్రిక’, ‘ఆంధ్రప్రభ’, 1974 తరవాత ‘ఈనాడు’ చూడండి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత తెలుగు పత్రికల దొంతరలున్నాయి. ఆవిష్కరణ రోజు పత్రిక కంటే మరునాటిది, దాని మరునాటిది చూడండి. మన ఊళ్ల వార్త రెండు రోజులు ఆలస్యంగా అచ్చయ్యేది.

పెద్దల్ని అడగడం

‘ఏ సంవత్సరంలో పెట్టారు’ అని అడగకండి, ఏదో ఒక అంకె చెప్పేస్తారు. గుర్తుండే సంగతికి ముడిపెట్టండి: ‘నౌపాడా చిన్న రైలు నడుస్తుండగానా, పెద్ద లైను పడ్డాకా?’ ‘తిత్లీ తుఫానుకు ముందు దిమ్మె ఇలాగే ఉందా?’ తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటింది, గజపతి జిల్లావారికి ఆ రోజు మరిచిపోయేది కాదు. పైలీన్ తుఫాను 2013 అక్టోబరు 12. నౌపాడా–పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైంది, కాబట్టి దానితో విగ్రహం ఎప్పటి తరవాతదో తెలియదు, ఎప్పటికి ముందుదో మాత్రమే తెలుస్తుంది. మాటలతో పాటు పెళ్లి ఆల్బములు, బడి గ్రూపు ఫోటోలు అడగండి. వెనకాల విగ్రహం ఏ మూలో కనపడుతుంది, దాని చుట్టూ గొలుసుల కంచె ఉందా, గొడుగు ఉందా అన్నది తెలుస్తుంది. ఒడియా ఇళ్లలో కూడా తప్పక అడగండి, చందా పుస్తకం ఏ ఇంట్లో మిగిలిందో ముందే చెప్పలేం.

రాసేటప్పుడు

ఒకే విగ్రహానికి కనీసం నాలుగు తేదీలుంటాయి: తీర్మానం, శంకుస్థాపన, ఆవిష్కరణ, తరలింపు. ‘పెట్టారు’ అని ఒక్క మాట రాస్తే ఏదో తెలియదు. ముంబయి కాలా ఘోడా దగ్గరి ఏడో ఎడ్వర్డు విగ్రహం 1879లో నిలిచింది, 1965లో తీసేశారు, ఆ చోట 2017లో రాజు లేని గుర్రాన్ని నిలిపారు. ఆ పేరున్న చోటులో మొదటి గుర్రం ఇప్పుడు లేదు. మన కూడళ్ల పేర్లూ ఇలాగే మోసం చేస్తాయి.

ప్రతి వాక్యానికి చివర మూడింటిలో ఒకటి రాయండి: రాతిలో ఉంది, కాగితంలో ఉంది, నోటిమాట. రాయీ కాగితమూ తేడాగా చెబితే రెండూ ఇవ్వండి. ఫలకం మీది ఆవిష్కరణ తేదీ దాటాక సభ జరిగిన ఊళ్లున్నాయి, ముఖ్య అతిథి రాక వాయిదా పడితే ఫలకం మార్చరు. పేజీ పైన విగ్రహం చోటు, ఏ దిక్కు చూస్తోంది, ఎత్తు, పదార్థం, ఫలకం పాఠం మూల లిపిలో, తెలుగులో అర్థం ఇవ్వండి. తరవాతే కథనం. నకళ్లు రెండు తీసి ఒకటి మున్సిపల్ లైబ్రరీలో, ఒకటి ఆ రాజు పేరున్న కళాశాల గ్రంథాలయంలో ఇవ్వండి, ఫోటోల వెనక తేదీ పెన్సిల్‌తో రాసి. తరవాత కొత్త కాగితం దొరికితే పాత వాక్యాన్ని తీసేయకుండా కింద తేదీ వేసి కొత్తది చేర్చండి.